నా నాజిలు, మరిది బొడిపె

మా మరిదికి పేరు తెచ్చింది అరచేతిలో పట్టేంత ఇనప ముక్క. కాశీబుగ్గ నుంచి మందస రోడ్డు దాకా ఏ జీడి ఫ్యాక్టరీకి వెళ్ళినా, “ఆ బొడిపె ఉన్న కుక్కరు మీ షెడ్డులోదే కదమ్మా” అని అడుగుతారు. అవునంటాను. నవ్వుతాను కూడా. లోపల మాత్రం ఒళ్ళు మండిపోతుంది. అదే కుక్కరుకి నేను గీసిన చిన్న నాజిలు కూడా ఉంటుంది. దాని గురించి ఇంతవరకూ ఒక్కడంటే ఒక్కడు అడిగిన పాపాన పోలేదు.

కుక్కరంటే వంటింట్లోది కాదు. స్టాండు మీద నిలబెట్టిన, మనిషెత్తు దాటిన ఇనప డ్రమ్ము. పై మూత తీసి బస్తాల కొద్దీ జీడిపిక్కలు గుమ్మరిస్తారు. మూత బిగించి, పక్కనున్న చిన్న బాయిలరు నుంచి ఆవిరి వదులుతారు. అలా ఉడికి చల్లారిన పిక్కకి పెంకు తేలిగ్గా పగులుతుంది, లోపలి పప్పు చితకదు. డ్రమ్ములో ఆవిరి ఎంత ఒత్తిడి మీద ఉందో చూపించడానికి బయట ఒక మీటరు ఉండాలి. డ్రమ్ముకి చిన్న కన్నం పెట్టి, అందులోకి బొటనవేలంత లావు గొట్టం ముక్క దించి అతుకుతారు. దాని చివర మీటరు బిగిస్తారు. ఆ గొట్టం ముక్కే నాజిలు. డ్రమ్ముకీ మీటరుకీ మధ్య కనిపించే భాగాన్ని మెడ అంటాం.

నేను టెక్కలిలో మెకానికల్ డిప్లొమా చేశాను. తర్వాత విశాఖపట్నంలో ఒక డిజైను ఆఫీసులో ప్రెషర్ వెసల్స్‌కి డ్రాయింగులు గీశాను. పెద్ద నాజిళ్ళు పెద్ద ఇంజనీర్లకి, చిన్నవి నాకు. అక్కడ కూడా నా బతుకు అంతే. కాకపోతే చిన్న నాజిళ్ళ గురించి కోడ్ పుస్తకం, అంటే ఒత్తిడి పట్టే డ్రమ్ములకి నియమాలు రాసిన పుస్తకం, ఏం చెబుతుందో నాకు నోటికి వచ్చేసింది. పెద్ద కన్నం పెడితే దాని చుట్టూ బలానికి పట్టీ వెయ్యాలి, లెక్క చూపించాలి అంటుంది. ఫలానా సైజుకి లోపున్న చిన్న కన్నానికి ఆ లెక్క అక్కర్లేదంటుంది. సగం మంది అక్కడే సంతోషపడిపోయి పుస్తకం మూసేస్తారు. ఇంకొన్ని పేజీలు తిప్పితే, మెడ మందం మాత్రం ఇంతకి తగ్గడానికి వీల్లేదని ఉంటుంది. లోపలి ఒత్తిడికి పలచటి గొట్టం చాలని లెక్కలో తేలినా సరే, తగ్గించకూడదు. బయట నుంచి పడే బరువులు కూడా చూసుకోమంటుంది. ఎందుకంటే చిన్న నాజిలుని విరగ్గొట్టేది లోపలి ఆవిరి కాదు, బయటి మనుషులు. ఒకడు దాన్ని పట్టుకుని పైకెక్కుతాడు, ఇంకొకడు తాడు కట్టి లాగుతాడు, మరొకడు అన్నం క్యారేజీ తగిలిస్తాడు.

మా వైపు ఇంకొక బరువుంది. కోడ్ రాసిన వాళ్ళెవరూ దాన్ని చూసి ఉండరు. ఉద్దానంలో కొబ్బరికాయకి కరువేముంది? శుక్రవారం పొద్దున ఫ్యాక్టరీ యజమాని కుక్కరుకి పసుపూ బొట్టూ పెట్టి కాయ కొడతాడు. కింద రాయి మీద కొట్టమంటే ఒప్పుకోడు. అన్నం పెట్టేదాని మీదే కొట్టాలంటాడు. డ్రమ్ము చూస్తే గుండ్రం, పైగా వేడి పోకుండా గోనెలు చుట్టి సిమెంటు పూసి ఉంటుంది. చేతికందే ఎత్తులో, గట్టిగా, బయటికి పొడుచుకొచ్చి ఉండేది నాజిలు మెడ ఒక్కటే. టపీమని దాని మీదే కొట్టేవాళ్ళు. నాన్న తన వెల్డింగు షెడ్డులో చేసిన పాత కుక్కర్లన్నిటికీ మెడ దగ్గర ఆవిరి చీదడం మామూలు. నాన్న వెళ్ళి అతుకు మీద అతుకు వేసి వచ్చేవాడు. మేము బాప్టిస్టులం. కొత్త కుక్కరు అప్పజెప్పేటప్పుడు నాన్న కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి పక్కకి తప్పుకుంటాడు, యజమాని ముందుకొచ్చి కాయ కొడతాడు. ఎవరి నమ్మకం వాళ్ళది, దెబ్బ మాత్రం నాజిలుకి.

మా ఆయనకి పలాస రైల్వేలో పోస్టింగు వచ్చాక నేను నాన్న షెడ్డులో కూర్చున్నాను. మొట్టమొదట మార్చింది ఆ మెడనే. మందం గొట్టం తెప్పించాను. పొడవు తగ్గించి, సిమెంటు పూత దాటి మీటరు బిగించడానికి ఎంత కావాలో అంతే ఉంచాను. అతుకు పైపైన కాకుండా గొట్టం చుట్టూ కన్నం లోపలి దాకా దిగేలా గీశాను. నాన్న గొణిగాడు.

“ఇంత మందం ఏటికే అమ్మా? ఇది కుక్కరా, రైలింజనా?”

“కొబ్బరికాయకి నాన్నా.”

“ఊఁ, సదువుకున్నావు గదా” అన్నాడు. ఆ మాటలో మెప్పు ఎంతుందో, ఎత్తిపొడుపు ఎంతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత మా కుక్కర్లలో ఒక్కటి కూడా మెడ దగ్గర లీకవలేదు. లీకైతే అందరూ వస్తారు, అరుస్తారు, ఫోన్లు చేస్తారు. లీకవకపోతే ఎవడొస్తాడు? విరగని నాజిలుని పొగిడిన మనిషిని నేను చూడలేదు. నాన్న కూడా ఒక్కసారీ నోరు తెరిచి బాగుందనలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా మరి.

అప్పటికే నాన్న కళ్ళు పాడైపోతున్నాయి. అద్దం అడ్డం పెట్టుకోకుండా వెల్డింగు మంట చూసిన పాపం. సన్న గీత కనపడదు, సాయంత్రమైతే నీళ్ళు కారతాయి. ఇక ఎంతోకాలం షెడ్డు చూడలేడని ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన తర్వాత షెడ్డు ఎవరి చేతికిస్తాడన్నది మాత్రం ఎవరమూ అడగలేదు. నాకు కావాలి. రేకులూ మెషీన్లూ నాకెందుకు? షెడ్డు నాకిచ్చాడంటే, నా పెద్ద కూతురికి పని తెలుసు అని నాన్న పదిమందిలో ఒప్పుకున్నట్టు. అది వినాలని ఉండేది. అంత మాత్రం ఆశపడకూడదా?

అప్పుడే చెల్లికి పెళ్ళయింది. మరిదిది డొంకూరు, వాళ్ళ నాన్నకి పడవ ఉంది. ఇతనికి సముద్రం అచ్చిరాలేదు, వెల్డింగు నేర్చుకున్నాడు. ఇక్కడి కుర్రాళ్ళతో తెలుగూ, ఇచ్ఛాపురం అవతల నుంచి వచ్చే కూలీలతో ఒడియా. ఎవరితో మాట్లాడితే వాళ్ళే తన సొంత మనుషులైనట్టు మాట్లాడతాడు. చెయ్యి కూడా మంచిదే. అబద్ధం ఎందుకు చెప్పాలి, అతను వేసిన అతుకు చూస్తే కుట్టుమిషను మీద కుట్టినట్టుంటుంది. నాన్న దాని మీద వేళ్ళతో తడిమి, “అల్లుడూ, నీ సెయ్యి బంగారం రా” అనేవాడు. ఆ గొట్టం ఎంత మందం ఉండాలో చెప్పింది నేను, ఎక్కడుండాలో గీసింది నేను. తడిమితే తెలిసేది అతుకే గానీ ఆలోచన కాదు కదా.

షెడ్డుకి వచ్చిన మొదటి సీజనులోనే మరిది మందసలో ఒక కుక్కరు అప్పజెప్పడానికి వెళ్ళి, యజమాని నా నాజిలు మీద కాయ కొట్టడం చూశాడు. తిరిగి వచ్చి మందపాటి రేకు ముక్క ఒకటి కోసి, అంచులు గుండ్రంగా అరగదీసి, తర్వాతి కుక్కరుకి నాజిలు కింద జానెడు దూరంలో డ్రమ్ముకి అతికేశాడు. దాని పని ఒక్కటే, కొబ్బరికాయ కొట్టించుకోవడం. ఆ కుక్కరు వెళ్ళిన చోట యజమాని దాన్ని చూసి మురిసిపోయాడట. పక్క ఫ్యాక్టరీ ఆయన వచ్చి తనకీ కావాలన్నాడు. నెల తిరక్కుండా పాత కుక్కర్లకి కూడా బొడిపెలు పెట్టమని కబుర్లు.

నాన్న నాతో అన్నాడు, “సూసినావా, ఇదీ బుర్రంటే.”

నేను ఏళ్ళ తరబడి చదివి, లెక్క వేసి, కొబ్బరికాయ దెబ్బకి నిలబడే మెడ గీస్తే, “రైలింజనా” అన్నాడు. వీడొచ్చి ఇనప ముక్క అతికిస్తే బుర్ర! ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు. మా ఆయన ఏమైందని అడిగితే తలనొప్పన్నాను.

మర్నాడు షెడ్డుకి వెళ్ళి ఆ బొడిపెని నిలబడి చూశాను. తప్పు దొరుకుతుందా అని చూశాను, దాచడమెందుకు. దొరికింది. బొడిపెని తిన్నగా డ్రమ్ము రేకు మీద అతికాడు. కింద పట్టీ లేదు. డ్రమ్ము రేకు పలచన, లోపల ఆవిరి, బయట బరువంతా వచ్చి ఒకే చోట గుచ్చుతుంది. దాని బదులు నా నాజిలు మెడ మీదే కొట్టుకోవడం నయం. ఆ మాట అక్కడే, పనివాళ్ళందరి ముందే చెప్పాను.

“నాన్నా, దీన్ని డ్రమ్ముకి అతక్కూడదు. కింద స్టాండు కాలుకి అతకాల.”

“కాలు దగ్గర కాయ కొడతారేటే? అపచారం అనుకోరా?” అన్నాడు నాన్న. “నీ కోడ్ పుస్తకంలో కొబ్బరికాయ ఉన్నాదేటి?”

అందరూ నవ్వారు. మరిది నవ్వలేదు. “సిన్న ముక్కే గదా వదినా, దానికేటవుతాది?” అన్నాడు మెల్లగా.

“కొబ్బరికాయకి ఏటీ అవదు. బయటికి పొడుచుకొచ్చింది ఏదున్నా దాని మీద ఎవడో ఒకడు కాలేత్తాడు. అప్పుడవుతాది.”

అతను నాన్న వైపు చూశాడు. నాన్న చెయ్యి ఊపి, “ఒగ్గీ, పని సూడు” అన్నాడు. ఓర్వలేక అంటున్నానని నాన్న అనుకుంటున్నాడని నాకు అర్థమైంది. ఓర్వలేకే అన్నాను. కానీ అన్నది నిజం. ఓర్వలేనివాళ్ళు చెప్పేదంతా అబద్ధమని ఎక్కడుంది?

ఆ తర్వాత మందసలో ఒక ఫ్యాక్టరీకి మీటరు మార్చడానికి నేనే వెళ్ళాను. కుక్కరు మూత తీసి ఉంది. ఒక కళాసీ పిక్కల బస్తా భుజాన వేసుకుని వచ్చాడు. కుడికాలు ఎత్తి బొడిపె మీద పెట్టి, ఒక్క ఊపున పైకి లేచి, బస్తా లోపలికి గుమ్మరించి దిగాడు. వెనక ఇంకొకడు, వాడి వెనక మరొకడు. నేను చేతిలో మీటరు కింద పెట్టేశాను. యజమాని నా పక్కకి వచ్చి మెచ్చుకోలుగా అన్నాడు, “మీ మరిదిగారి ఆలోసన శానా బాగున్నాదమ్మా. కొబ్బరికాయకి కొబ్బరికాయ, మెట్టుకి మెట్టు.”

పని ఆపించాను. కుక్కరు చల్లారాక బొడిపె చుట్టూ సిమెంటు పూత చెక్కి, ఇనుము శుభ్రంగా తోమి, ఎర్ర రంగు కొట్టాను. పగులుంటే ఆ రంగు లోపలికి పీల్చుకుంటుంది. కాసేపాగి పైరంగు తుడిచేసి తెల్ల పొడి కొడితే, పగులున్న చోట ఎర్రగా పైకి తేలుతుంది. తెల్ల పొడి ఆరేదాకా అక్కడే కూర్చున్నాను. బొడిపె పై అంచు వెంబడి, అతుకు పక్కనే, డ్రమ్ము రేకులో వెంట్రుకంత ఎర్ర గీత తేలింది.

జానెడు పైన నా నాజిలు చుట్టూ కూడా కొట్టాను. తెల్లగా, మల్లెపువ్వులా ఉంది.

ఆ రెండూ పక్కపక్కన చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ పగులు ఇంకొంచెం పెరిగి ఉంటే, ఆవిరి ఉన్నప్పుడు తెరుచుకుని ఉంటే, ఎదురుగా నిలబడ్డవాడి గతేమిటో నాకు తెలుసు. తెలిసీ ముందు సంతోషమే వచ్చింది, భయం తర్వాత వచ్చింది. ఫోను తీసి నాన్నని రమ్మన్నాను. మరిదిని కూడా తీసుకురమ్మన్నాను. ఆ ముఖం ఎలా మాడుతుందో దగ్గరుండి చూడాలని.

ఇద్దరూ బండి మీద వచ్చారు. నాన్న వంగి చూశాడు. కళ్ళు చికిలించాడు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఆయనకి గీత కనపడలేదు. నేను ఏమీ అనకముందే మరిది గొంతుకూర్చుని చూసి, “ఉన్నాది మావా. వదిన సెప్పినట్టే ఉన్నాది” అన్నాడు. అతని ముఖం పాలిపోయింది. లేచి యజమాని దగ్గరికి వెళ్ళాడు. “తప్పు నాది బాబూ. మా వదిన మొదట్లోనే వద్దన్నాది, నాను ఇనలేదు. ఇది బాగయ్యేదాకా ఆవిరి పెట్టకండి” అన్నాడు.

యజమాని కోప్పడతాడనుకున్నాను. ఆయన మరిది భుజం మీద చెయ్యి వేశాడు. “తప్పు నాదని ఇంత తిన్నగా సెప్పినోడిని నాను సూడలేదయ్యా” అన్నాడు. నాన్న ఆ పక్కనే నిలబడి తల ఊపుతున్నాడు. ఇదెక్కడి న్యాయం? తప్పు చేసినవాడికి మెప్పు, తప్పు పట్టినదానికి మొండి చెయ్యి.

అక్కడితో ఆగిందా అంటే, లేదు. బొడిపె ఉన్న ప్రతి ఫ్యాక్టరీకి మరిది తనే వెళ్ళాడు. బొడిపె కోసేసి, అక్కడి రేకు నున్నగా అరగదీసి, ఎర్ర రంగు పరీక్ష చేసి, పగులున్న చోట రేకు తెగ్గోసి కొత్త ముక్క వేసి, నీళ్ళు నింపి ఒత్తిడి పెట్టి చూసి మరీ వదిలాడు. బొడిపెని స్టాండు కాలుకి, కాలు మీదే నడుమెత్తులో, కింద పట్టీ వేసి అతికాడు. నడుమెత్తుంటే అపచారం అవదట, యజమానుల్ని అతనే ఒప్పించాడు. కళాసీలు ఎక్కడానికి విడిగా మెట్లు చేసి ఇచ్చాడు. వెళ్ళిన ప్రతిచోటా, “మా వదిన కనిపెట్టినాది” అనే చెప్పాడు. నాతో మాత్రం అందరూ ఒకటే మాట. “ఎంత మంచోడమ్మా మీ మరిది.” కనిపెట్టింది నేను, మంచోడు అతను.

సీజను చివర్లో ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి అందరం నాన్న ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. కోడికూర వడ్డిస్తున్నాం. నాన్న మొదటి ముద్ద కలిపి ఆగాడు.

“ఇక నా కళ్ళు షెడ్డుకి పనికిరావు” అన్నాడు. “షెడ్డు పెద్దదానిది. గీసేది అదే, ఇది సరి, ఇది తప్పు అని సెప్పేది అదే. అల్లుడు దాని కింద సేత్తాడు. తాళాలు ఇచ్చీసినాను, ఇదిగో.”

తాళాల గుత్తి నా కంచం పక్కన పెట్టాడు. గుత్తిని దగ్గరికి లాక్కున్నాను. ఎన్నాళ్ళ నుంచి వినాలనుకున్న మాట. తల ఎత్తి మరిది ముఖం చూశాను, ఎంత చిన్నబోయిందో అని. అతను నవ్వుతూ చెల్లి కంచంలో ముక్క వేస్తున్నాడు. ఏడవలేక నవ్వుతున్నాడులే అనుకున్నాను. ఆ రోజు కోడికూర లాంటిది నేను మళ్ళీ తినలేదు.

వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే చెల్లి నెమ్మదిగా అంది, “అక్కా, ఇప్పుడు నీకు సంతోసమేనా?”

“ఎందుకలా అడుగుతన్నావు?”

“ఏటీ లేదు. నాన్న ఈయనకే ఇత్తానన్నాడు. ఈయనే ఒప్పుకోలేదు. వదినకివ్వు మావా, వదినకే ఇవ్వు అని మందస నుంచి వచ్చిన రోజు మొదలు నాన్న బుర్ర తినేసినాడు.”

చేతిలో గిన్నె గట్టు మీద పెట్టేశాను. అత్తసొమ్ము అల్లుడు దానం అంటారు. మా ఇంట్లో మామ సొమ్మైంది, అంతే తేడా. దానం పుచ్చుకున్నది నేను.

పెరట్లో మరిది బండి కడుగుతున్నాడు. తిన్నగా వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

“నీకిత్తానంటే ఎందుకు వద్దన్నావు? నా మీద జాలా?”

అతను గుడ్డ పిండి బండి మీద వేశాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

“జాలేటి వదినా? ఆ ఎర్ర గీత సూసినప్పటి నుంచి నాకు కన్ను మూత్తే ఆ కళాసీలే కనిపిత్తన్నారు. ఎవుడైనా కాలిపోయుంటే? నా సెయ్యి మంచిదే, కానీ ఆపేవోళ్ళు పైన ఉండాల. నువ్వైతే ఆపుతావు. నానే కాదు, ఎవుడు సేసినా ఆపుతావు.” గుడ్డ మళ్ళీ చేతిలోకి తీసుకుని, “అయినా షెడ్డు నాకేటికి? నాకెప్పుడూ ఆ ఆశ లేదు” అన్నాడు.

ఇన్నాళ్ళూ నేను కుళ్ళి కుళ్ళి చచ్చింది ఇతనికి అక్కర్లేని దాని కోసం. ఏదైనా గట్టిగా అనాలని నోటిదాకా వచ్చింది. అనడానికి అతను ఏం తప్పు చేశాడు? అదే ఇంకా మంట. తాళాల గుత్తి నడుముకి దోపుకుని అక్కడే నిలబడ్డాను.

అప్పుడే నాన్న లోపలి గదిలోంచి కేకేశాడు. మందు చుక్కలు వేసుకునే వేళయింది. నేను గుమ్మం వైపు రెండడుగులు వేశాను.

“అల్లుడూ, ఓ పాలి రా. కళ్ళల్లో మందెయ్యాల. నీ సెయ్యైతే మంట పుట్టదు.”

మరిది చేతులు తుడుచుకుని, నన్ను దాటుకుని లోపలికి వెళ్ళాడు.